వెంకటరత్నం గారి పాత సర్వరు

సైనిక్‌పురిలో వెంకటరత్నం ఇంటి వెనక గదిలో ఒక సర్వరు ఉండేది. నల్లటి ఇనప పెట్టె, మోకాలి కంటే కాస్త ఎత్తు, ఇద్దరు పట్టుకుంటే గాని కదలనంత బరువు. ప్రతి ఆదివారం పొద్దున కాఫీ తాగాక ఆయన ఆ గదిలోకి వెళ్ళి దాన్ని ఆన్ చేసేవాడు. లోపలి ఫ్యాన్లు ఒక్కసారిగా హోరెత్తేవి, కాసేపటికి ఆ హోరు సన్నటి రొదలోకి దిగేది. తెర మీద పేరూ పాస్‌వర్డూ అడిగే గడులు కనిపించేవి. ఆయన అవి కొట్టేవాడు కాదు. మెత్తటి గుడ్డతో పెట్టె మీది దుమ్ము తుడిచి, కాసేపు అక్కడే కూర్చుని, మళ్ళీ ఆపేసి వచ్చేవాడు.

నిజానికి అందులో ఏమీ లేదు. సీతాఫల్‌మండిలో ఒక మేడ మీద ఆయన నడిపిన కంపెనీ సర్వరు అది. అమెరికాలో డాక్టర్లు తమ రోగుల గురించి రికార్డు చేసి పంపిన మాటలు ఇక్కడి పిల్లలు చెవులకు ఫోన్లు తగిలించుకుని విని, టైపు చేసి, తెల్లారేసరికి తిప్పి పంపేవారు. కొన్నేళ్ళు బ్రహ్మాండంగా నడిచింది. తర్వాత పని పల్చబడింది, ఆపైన ఆగిపోయింది. మూసేసేటప్పుడు ఒప్పందం ప్రకారం ఆ రోగుల వివరాలన్నీ వెంకటరత్నం తన చేత్తోనే చెరిపేశాడు. బల్లలు, కుర్చీలు, కంప్యూటర్లు అన్నీ ఎవరెవరికో వెళ్ళిపోయాయి. సర్వరు ఒక్కటే ఇంటికి వచ్చింది.

"ఆదివారం పూట దేవుడి గది తలుపు కంటే ముందు ఆ గది తలుపే తీస్తారు మీరు," అనేది భార్య లీలాకుమారి. కోపంగా కాదు, ఉన్న మాట చెప్పినట్టు. ఆమె కాలనీ పిల్లలకు వరండాలో హిందీ చెప్పేది. వాన పడితే పిల్లలంతా హాల్లోకి వచ్చి, టీవీ చుట్టూ ఇరుక్కుని కూర్చునేవారు. వెనక గది ఇస్తే బాగుండునని ఆమెకుండేది. అడగలేదెప్పుడూ.

రెండువేల ఏడు జూలైలో, చినుకులు పడుతున్న ఒక సాయంత్రం, దేవకృప ఆ ఇంటికి వచ్చింది. సీతాఫల్‌మండి అమ్మాయి. వెంకటరత్నం కంపెనీలో టైపిస్టుగా చేరి, కంప్యూటర్లు మొరాయిస్తే తనే విప్పి చూసుకునే చొరవ వల్ల సిస్టమ్స్ పనిలోకి మారింది. కంపెనీ మూతపడే రోజుల్లో వెంకటరత్నం తెలిసిన ప్రతి ఆఫీసుకూ వెళ్ళి, ఒక్కొక్కరి కోసం నోరు విడిచి అడిగి, చాలామందికి ఉద్యోగాలు కుదిర్చాడు. దేవకృపకు బొల్లారంలో ఒక మిషన్ ఆసుపత్రిలో కంప్యూటర్ సెక్షన్ చూసే పని దొరికింది. ఏడాదికోసారి క్రిస్మస్‌కు కేకు తెచ్చిచ్చి వెళ్ళేది గాని, ఇలా మధ్యలో రావడం ఇదే మొదలు.

టీ తాగుతూ అటూ ఇటూ మాట్లాడి, చివరికి అడిగింది. "సార్, మన సర్వర్ ఇంకా ఉందా?"

"ఉంది. ఎందుకమ్మా?"

"నడుస్తుందా సార్?"

"ఎందుకు నడవదూ? పోయిన వారం కూడా వేశాను."

దేవకృప గ్లాసు కింద పెట్టింది. "మా హాస్పిటల్‌ల సుత సేమ్ మోడల్ సార్. నేను జాయినైన రోజే చూసి గుర్తుపట్టిన. ఇన్నాళ్ళు మంచిగనే నడిచింది. మొన్న ల్యాబు, మందుల కౌంటరు సుత దాంట్లనే కలిపిన్రు. అప్పటిసంది పాణం తీస్తుంది. మెమరీ సరిపోతలేదు సార్. కొత్త సర్వర్ వచ్చే సంవత్సరం చూద్దామంటున్నరు. అప్పటిదాక పేషెంట్లు ఆగుతరా?"

"మెమరీ తక్కువైతే ఏమవుతుందే?" అని వంటింటి గుమ్మంలోంచి లీలాకుమారి అడిగింది.

దేవకృప ఒక్క క్షణం ఆలోచించింది. "మీ వంటింటి గట్టు లాంటిదాంటీ అది. గట్టు పెద్దగుంటే డబ్బాలన్నీ ముందర పెట్టుకుని చకచకా వండుతరు. పీటంత గట్టయితే? పప్పు డబ్బా కావాలంటే ఉప్పు డబ్బా అల్మారాల పెట్టి రావాలె. మళ్ళీ ఉప్పు కావాలంటే పప్పు పెట్టి రావాలె. మా సర్వర్ పొద్దంతా గదే చేస్తుంది. వంట తక్కువ, తిరుగుడెక్కువ."

లీలాకుమారి నవ్వింది. వెంకటరత్నం నవ్వలేదు. ఆ పిల్ల ఎందుకొచ్చిందో ఆయనకు అర్థమైంది.

"బజార్లో చూశావా?"

"సికింద్రాబాద్ సీటీసీల ప్రతి కంప్యూటర్ షాపు తిరిగిన సార్. ఇది పాత రకం, ఇప్పుడొచ్చేటివి దీంట్ల కూసోవు. ఒకాయన ఇచ్చింది స్లాట్‌ల పట్టింది గని సర్వర్ వద్దంది. మామూలు కంప్యూటర్లది అది. ఇంకొకాయనయితే మ్యూజియంల అడగమన్నడు." ఆమె గొంతు తగ్గించింది. "మన దాంట్ల నాలుగు స్లాట్లూ ఫుల్ చేయించిన్రు కదా సార్ మీరు. అది గుర్తొచ్చి అడగనీకి వచ్చిన. మీరు కాదంటే నేనేమనుకోను."

"ఆలోచించి చెబుతానమ్మా," అన్నాడు వెంకటరత్నం.

ఆమె వెళ్ళాక ఆయన చాలాసేపు పేపరు పట్టుకుని కూర్చున్నాడు. పేజీ తిప్పలేదు. లీలాకుమారి గ్లాసులు తీస్తూ ఆయన వంక చూసింది.

"ఏమిటలా చూస్తావు?"

"నేనేమీ అనలేదే."

"మెమరీ తీసేస్తే అది ఇంక లేవదు లీలా."

"లేచి ఇప్పుడేం చేస్తోందండీ?" అంది ఆమె మెల్లగా. ఆ మాట గుచ్చాలని అనలేదు, అయినా గుచ్చుకుంది. వెంకటరత్నం లేచి వెనక గదిలోకి పోయాడు.

ఆ నాలుగు స్లాట్లు నింపించిన రోజు ఆయనకు బాగా గుర్తు. కంపెనీ ఆఖరి ఏడాది అది. పెద్ద ఆసుపత్రుల గుంపు ఒకటి తన పనంతా వీళ్ళకే ఇస్తానంది. మనుషుల్ని రెట్టింపు చేయాలి, సర్వరు తట్టుకోవాలి. మెమరీ తెప్పించాడు. సర్వరు అమ్మిన కంపెనీ ఇంజినీరు వచ్చి వేసి వెళ్ళాడు. ఆ సాయంత్రం ఆఫీసులో అందరికీ జిలేబీ పంచారు. ఆ పని రానేలేదు. వేరే ఊరికి, వేరే వాళ్ళకు పోయింది. ఆ మెమరీ సగం కూడా ఎన్నడూ వాడలేదు. అది తీసి ఇవ్వడమంటే వస్తువు ఇవ్వడం మాత్రమే కాదు, ఆ పని ఇంక రాదని తన నోటితో తనే ఒప్పుకోవడం అనిపించింది ఆయనకు. కంపెనీ మూసి మూడేళ్ళు దాటినా ఆ ఒక్క మాటా ఆయన ఎవరితోనూ అనలేదు.

మర్నాడు పొద్దున చొక్కా వేసుకుని, "బీపీ చూపించుకొస్తాను," అన్నాడు.

బతిమాలినా ఎన్నడూ డాక్టరు మెట్లెక్కని మనిషి అలా అనేసరికి లీలాకుమారికి నవ్వొచ్చింది. పైకి మాత్రం, "గొడుగు పట్టుకెళ్ళండి," అంది.

బొల్లారం ఆసుపత్రి ఓపీ హాలు కిటకిటలాడుతోంది. వరస తలుపు దాటి, వరండా దాటి, వేపచెట్టు దాకా ఉంది. వెంకటరత్నం చివర నిలబడ్డాడు. ఆయన ముందు తలపాగా చుట్టిన పెద్దాయన ఒకడు మోకాలు రుద్దుకుంటూ నిలబడి ఉన్నాడు. షామీర్‌పేట దగ్గర్నించి వచ్చాడట.

"బాగా లేటవుతుందాండీ?" అని అడిగాడు వెంకటరత్నం.

"గీడ లేటు గాక ఏముంటది సారు! పొద్దుగాల మొదటి బస్సుకొచ్చిన. చీటీ గాలే. డాక్టరు మంచోడే, నర్సమ్మలు మంచోళ్ళే. గా డబ్బా మిషినే సతాయిస్తది. కిటికీకాడి బిడ్డ మన పేరు కొడ్తది, ఇగ సూస్తనే ఉంటది దాని మొకం."

చీటీల కిటికీ దగ్గర మేబెల్ అనే అమ్మాయి కూర్చుని ఉంది. నిజంగానే ఆమె పేరు కొట్టి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని తెర వంకే చూస్తోంది. కిటికీకి అవతల బిడ్డనెత్తుకున్న ఒకతను గట్టిగా అరుస్తున్నాడు. లోపలి గదిలోంచి దేవకృప వచ్చింది. అతను ఆమె మీదా అరిచాడు. ఆమె ఎదురు మాట్లాడలేదు. "సారీ అన్నా, పాపను ముందు లోపలికి పంపిస్త, చీటీ నేను తెచ్చిస్త," అని, బిడ్డ నుదుటి మీద చెయ్యి వేసి చూసి, వాళ్ళను తనే వెంటబెట్టుకుని డాక్టరు గది వైపు తీసుకెళ్ళింది. తిరిగొచ్చాక వరసలో ముసలివాళ్ళకు కుర్చీలు వేయించింది. ఆ కుర్చీల్లో ఒకటి షామీర్‌పేట పెద్దాయనకు దొరికింది.

వెంకటరత్నం చూస్తూ నిలబడ్డాడు. తన ఆఫీసులో ఫోను వైర్లు సర్దుకుంటూ తలెత్తని పిల్ల, ఇప్పుడిలా ఇంతమంది కోపం నెత్తిన వేసుకుని నిలబడుతోంది. అందులో ఆమె తప్పు ఇసుమంతైనా లేదు. తన ఇంట్లో, వెనక గదిలో, ఎవరికీ అక్కరలేకుండా నాలుగు మెమరీ పలకలున్నాయి.

ఆయన వరస వదిలేసి కిటికీ పక్క తలుపు దగ్గరికి వెళ్ళాడు.

"అమ్మా దేవకృపా."

ఆమె ఉలిక్కిపడి తిరిగి చూసింది. "సార్! మీరెప్పుడొచ్చిన్రు? తబియత్ బాగుంది కదా?"

"బాగానే ఉంది. ఆదివారం మీకు ఓపీ ఉండదుగా?"

"ఉండదు సార్."

"నేనే తెచ్చి వేస్తాను. మీ వాళ్ళతో చెప్పు."

ఆదివారం పొద్దున లీలాకుమారి టార్చి పట్టుకుంటే వెంకటరత్నం సర్వరు పక్క రేకు విప్పాడు. చేతిలో ఉన్న స్థిరవిద్యుత్తు పలకలను కాల్చకుండా, ముందు పెట్టె ఇనపభాగం మీద అరచెయ్యి ఆనించాడు. నాలుగు ఆకుపచ్చ పలకలు, ఒక్కొక్కటి చూపుడువేలికి మించిన పొడవు, వరసగా నిలబడి ఉన్నాయి. రెండు పక్కలా ఉన్న తెల్ల కొక్కేలను వెనక్కి నొక్కితే పలక దానంతటదే పైకి లేస్తుంది. ఒక్కొక్కటీ తీసి వెండిరంగు కవర్లో పెట్టాడు. చివరిది తీశాక కాసేపు ఆ ఖాళీ స్లాట్ల వంక చూశాడు. లీలాకుమారి టార్చి ఆర్పకుండా అలాగే పట్టుకుని నిలబడింది.

"బయల్దేరండి, ఆలస్యమవుతుంది," అని కాసేపయ్యాక తనే అంది.

ఆయన ఆసుపత్రికి చేరేసరికి చర్చిలో ఆరాధన ముగిసింది. దేవకృప తెల్ల చీరలోనే వచ్చి కొంగు నడుముకు దోపుకుంది. అడ్మినిస్ట్రేటరు ఏసురత్నం గారు ముందే అనుమతిచ్చి ఉన్నారు. నర్సుల పెద్ద డోరా సిస్టర్, యాభై దాటిన బందరు మనిషి, అత్యవసరంగా వచ్చేవాళ్ళ వివరాలు కాయితం మీద రాసే ఏర్పాటు చేసి, "మా పని మేం చూసుకుంటాం, మీరు కంగారు పడకండి," అని చెప్పింది. మేబెల్ కూడా సెలవైనా వచ్చింది. రేపు కిటికీ దగ్గర కూర్చునేది తనే గదా.

సర్వరు ఆపారు. మూత తీశారు. దేవకృప పాత పలకలు రెండూ తీసి పక్కన పెట్టింది, వెంకటరత్నం తన నాలుగూ వేశాడు. కొక్కేలు టక్కుమని పట్టుకున్నాయి. స్విచ్చి వేశారు.

సర్వరు కీచుమని కూసింది. ఆగి మళ్ళీ కూసింది. తెర నల్లగానే ఉంది.

పలకలు తీసి, అంచులు తుడిచి, మళ్ళీ వేశారు. అదే కూత. రెండే వేసి చూశారు. అదే కూత. పాతవి రెండూ పెడితే మాత్రం బుద్ధిగా లేచింది. అంటే సర్వరుకు ఏమీ కాలేదు. వీటినే అది ఒప్పుకోవడం లేదు.

"పోయిన ఆదివారం కూడా మా దాంట్లో పనిచేశాయమ్మా," అన్నాడు వెంకటరత్నం. ఆయన నుదుటి మీద చెమట పట్టింది. "మోడలు ఒకటేగా!"

"ఒకటే సార్. స్క్రూలు సుత ఒకటే."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. దార్లో ఏమైనా దెబ్బతిన్నాయా? తను తీసేటప్పుడే పాడు చేశాడా? అక్కడిదీ పోయి, ఇక్కడిదీ బాగుపడకపోతే? దేవకృప ఆయన పక్కనే నేల మీద కూర్చుంది. "ఏం పరేషాన్ కాకండి సార్. కాకుంటే పాతయే పెట్టి నడిపిద్దం," అంది. కానీ ఆమె మొహం చూస్తే రేపటి వరస ఆమె కళ్ళ ముందే ఉన్నట్టుంది.

వెంకటరత్నం కళ్ళు మూసుకుని ఆ జిలేబీ రోజును మళ్ళీ మొదటినుంచీ తలుచుకున్నాడు. ఇంజినీరు వచ్చాడు. బ్యాగు దించాడు. వెంటనే మూత విప్పాడా? లేదు. మొదట ఏదో ఫ్లాపీ పెట్టాడు. అది తిరుగుతున్నంతసేపూ ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. "కరెంటు పోతే బోర్డు మొత్తం పోతుంది సార్," అన్నాడు. అందుకే ఆ వేళ కరెంటు మీద భారం పడకుండా లిఫ్టు కాసేపు ఆపమని తను వెళ్ళి అడిగి వచ్చాడు.

"బయాస్!" అన్నాడు కళ్ళు తెరిచి.

దేవకృప టక్కున లేచింది. "అవును సార్! పాత బయాస్‌కి ఇంత ఎక్కువ మెమరీ ఉన్న పలకలు తెల్వయి. మాది కొన్నప్పటిదే ఉంది, ఎవ్వరు ముట్టలే."

సర్వరు లేస్తూనే తన ఒంట్లో ఏమేం ఉన్నాయో చూసుకునే చిన్న ప్రోగ్రాం అది. దాన్ని కొత్తది చేస్తేనే ఈ పలకల్ని గుర్తుపడుతుంది. ఆ ఫ్లాపీ ఇంజినీరు వెంకటరత్నానికే ఇచ్చి వెళ్ళాడు. ఆయన ఇంటికి ఫోను చేశాడు.

"లీలా, వెనక గదిలో పై అరలో ఒక నీలం మూత డబ్బా ఉంటుంది చూడు."

కాసేపటికి సమాధానం వచ్చింది. "నీలం మూతవి మూడున్నాయండీ."

"వాటిలో ఫ్లాపీల మీద ఏం రాసుందో చదువు."

"ఇంజినీర్లు, డాక్టర్లు ఒకే బళ్ళో చదివినట్టున్నారు, ఒక్క అక్షరం తెలియడం లేదు. ఉండండి, మూడూ నేనే పట్టుకొస్తాను."

వాన మొదలైంది. లీలాకుమారి ఆటోలో, చీర కుచ్చిళ్ళు తడుపుకుని, మూడు డబ్బాలూ ప్లాస్టిక్ సంచిలో గుండెకు హత్తుకుని వచ్చింది. డోరా సిస్టర్ ఆమెకు తువ్వాలిచ్చి టీ తెప్పించింది. రెండో డబ్బాలో ఆ ఫ్లాపీ దొరికింది.

పాత పలకలతోనే సర్వరు లేపి ఫ్లాపీ పెట్టారు. అది గరగరా చప్పుడు చేస్తూ తిరిగింది. తెర మీద ఒక గీత మెల్లగా నిండసాగింది. ఆపవద్దన్న హెచ్చరిక కింద మెరుస్తోంది. గీత సగం దాటిందో లేదో, ఠక్కున గదిలో దీపాలు ఆరిపోయాయి. పంకా నెమ్మదించి ఆగింది. మూలనున్న యూపీఎస్ కుయ్‌మంది.

దేవకృప ఒక్క అంగలో వెళ్ళి యూపీఎస్ మీద నడుస్తున్న మిగతా కంప్యూటర్ల ప్లగ్గులన్నీ పీకేసింది, పాత బ్యాటరీ బలమంతా సర్వరు ఒక్కదానికే దక్కేలా. కిటికీలోంచి వాన వెలుతురు పడుతోంది. డోరా సిస్టర్ కళ్ళు మూసుకుంది. లీలాకుమారి పెదవులు ఆంజనేయస్వామి పేరు పలుకుతున్నాయి. ఎవరు ముందు చెయ్యి చాచారో గాని, ఇద్దరి చేతులూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి.

గీత నిండింది. పని పూర్తయిందని తెర మీద వచ్చింది. వెంకటరత్నం అప్పటిదాకా బిగబట్టిన ఊపిరి వదిలాడు.

కరెంటు వచ్చేదాకా ఆగి, నాలుగు పలకలూ వేశారు. ఈసారి స్విచ్చి దేవకృప చేత వేయించాడు ఆయన. కూత రాలేదు. తెర మీద మెమరీ లెక్క మొదలై పెరుగుతూ, పెరుగుతూ, పాత హద్దు దాటి ఎక్కడికో పోయి ఆగింది. మేబెల్ తన కిటికీ దగ్గరికి పరుగెత్తి ఎవరిదో పేరు కొట్టింది.

"అక్కా, వచ్చేసింది! వేలు తియ్యకముందే వచ్చింది!"

"జెర ల్యాబుది సుత తెరువు. మందులది సుత," అని దేవకృప లోపల్నించి కేకేసింది.

"అన్నీ తెరిచిన! అన్నీ వస్తున్నయ్!"

దేవకృప నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. తర్వాత వెంకటరత్నం దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది. "సార్, మీకు బాధ లేదు కదా?"

ఆయన నిజమే చెప్పాడు. "ఉందమ్మా. పొద్దున బాగా ఉంది. ఇప్పుడు కొంచెమే ఉంది. ఆ పెద్ద పని మనకు ఎటూ రాలేదు. ఇంక రాదు కూడా. దానికోసం తెచ్చిన సరుకు ఇక్కడైనా పనికొస్తే మంచిదేగా."

ఆ మాట ఆయన నోట వినడం లీలాకుమారికి అదే మొదటిసారి. తన టీ గ్లాసు ఆయనకిచ్చింది.

తర్వాతి ఆదివారం అలవాటు చొప్పున ఆయన వెనక గదిలోకి వెళ్ళాడు. స్విచ్చి దాకా చెయ్యి పోయి ఆగింది. ఆ మధ్యాహ్నమే దేవకృపకు ఫోను చేసి, మిగిలిన పెట్టె కూడా పంపిస్తానన్నాడు. ఫ్యాన్లు, డిస్కులు, కరెంటు డబ్బా, ఏది పాడైనా మార్చుకోవడానికి పనికొస్తాయి. ఆసుపత్రి వ్యాన్‌లో ఇద్దరొచ్చి తీసుకెళ్ళారు. వానాకాలం ముగిసేలోపే ఆ గదిలో చాపలు పరుచుకుని హిందీ పిల్లలు కూర్చున్నారు. వాళ్ళు గోడ మీద పెన్సిలు గీతలు గీస్తే వెంకటరత్నం మొదట్లో కసురుకున్నాడు, తర్వాత మానేశాడు.

సెప్టెంబరులో దేవకృప మళ్ళీ వచ్చింది. సికింద్రాబాద్‌లో ఒక బడిలోనూ, ఒక ప్రెస్సులోనూ ఇలాంటి పాత సర్వర్లే ఉన్నాయట. అమ్మిన కంపెనీ మావల్ల కాదు, కొత్తవి కొనండి అంటోందట. "మీరు ఒకసారి చూస్తరా సార్? నేను మీ పేరు చెప్పేసిన," అంది. తీరా చెప్పేశాక అడుగుతున్నావా అని ఆయన విసుక్కున్నట్టు నటించి, ఆ రాత్రి భోజనం దగ్గర ఏ పనిముట్లు కొనాలో లీలాకుమారికి వివరంగా చెప్పాడు.

"అవన్నీ తర్వాత," అంది ఆమె. "ఆ రోజు చూపించుకుంటానన్న బీపీ ముందు చూపించుకోండి. నేనూ వస్తాను."

ఇద్దరూ బొల్లారం వెళ్ళారు. వేపచెట్టు కింద ఎవరూ లేరు. వరండాలోనూ వరస లేదు. మేబెల్ వాళ్ళను చూసి నవ్వింది. లీలాకుమారి భర్త ఇంటిపేరు చెప్పి ఊరి పేరు చెప్పబోయేలోపు ఆ అమ్మాయి చీటీ చేతిలో పెట్టింది.

"ఇంత తొందరగానే!" అని ఆశ్చర్యపోతూ ఆమె డాక్టరు గది వైపు నడిచింది. మలుపు తిరగ్గానే ఆగిపోయింది. జనమంతా అక్కడున్నారు. బెంచీలు నిండిపోయి, గోడకు చేరగిలబడి, కిటికీ అంచుల మీద కూర్చుని, అందరి చేతుల్లోనూ చీటీలే.

"డాక్టరు గారు ఇంకా రాలేదాండీ?" అని పక్కనున్నావిడను అడిగింది.

"వచ్చిండమ్మా. ఒక్కడే ఉన్నడు, ఏం జేస్తడు? చీటీలు బిరబిర అయితున్నయ్, లోపలనే ఆగుతున్నది."

వెంకటరత్నం పగలబడి నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. బీపీ చూపించుకోవడానికొచ్చిన మనిషి అంత గట్టిగా నవ్వితే ఎలా అని లీలాకుమారి ఆయన మోచేతి మీద తట్టింది. ఎవరో జరిగి ఇద్దరికీ చోటిచ్చారు. కూర్చున్నారు. ఆయన జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, ప్రెస్సు వాళ్ళను ఏం అడగాలో, అక్కడ ఏం చూడాలో ఆమెకు మళ్ళీ మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాడు.